టైరు మీది నాలుగు అంకెలు

నేను పని మానేసి రెండేళ్ళు కావస్తోంది. ముప్పై నాలుగేళ్ళు టైర్ల మధ్యే గడిపాను. మొదటి ఆరేళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పంచర్ దుకాణంలో, మిగతా కాలమంతా ఎల్బీనగర్ మెయిన్ రోడ్డు మీద ఒక టైర్ల షాపులో. షాపులో కొత్తగా చేరినవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "యాదగిరన్నా, టైరు ఎప్పుడు మార్చాలె, ఎప్పుడు మార్చొద్దు, ఒక్క మాటల చెప్పు" అంటారు. ఒక్క మాటలో చెప్పే అలవాటు నాకూ ఉండేది. ఆ అలవాటు వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా జీతం ఎప్పుడు పెరిగింది, నేను హెడ్డు ఎప్పుడయ్యాను అన్న సంగతులు ఇందులో ఉండవు. వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నాకు పని నేర్పిన ఇద్దరి గురించి, నేను చేసిన తప్పుల గురించి రాస్తాను.

అరచెయ్యి

మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. పట్నం వచ్చి హమీద్ భాయ్ దగ్గర పనికి కుదిరాను. ఆయన దుకాణం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. ఒక గాలి మిషను, ఒక నీళ్ళ తొట్టి, రెండు జాకీలు, అంతే. ఆయన నాకు నేర్పిన మొదటి పని టైరు విప్పడం కాదు, టైరును చేత్తో తడమడం.

"ముందుగాల చెయ్యి పెట్టు. తర్వాత కండ్లు" అనేవాడు.

అరచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి జరపాలి, తర్వాత బయటి నుంచి లోపలికి. ఒకవైపు నున్నగా పోయి, ఇంకోవైపు రంపంలా గీరుకుంటే చక్రం వంకరగా తిరుగుతోందని అర్థం. నడిమధ్యన అరిగితే గాలి ఎక్కువ. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. ఈ చివరిదే చాలా చెడ్డది. గాలి తక్కువైన టైరు తిరిగినప్పుడల్లా నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది. ఎండాకాలం గాలి తగ్గించి పెట్టుకోవాలని మన దగ్గర చాలామంది నమ్మకం. నేనూ నమ్మాను. హమీద్ భాయ్ నమ్మలేదు. ఎండ పెరిగితే టైరుకు ఇంకా కచ్చితంగా గాలి ఉండాలని, డ్రైవరు తలుపు తీస్తే కనిపించే కాగితం మీద ఎంత రాసి ఉంటే అంతే కొట్టాలని, అదీ పొద్దున బండి కదలకముందే చూడాలని నా చేత వందసార్లు చెప్పించాడు.

అక్కడ నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. ఒకరోజు కుటుంబంతో వచ్చిన ఒకాయన తొందరలో ఉన్నాడు. మేకు టైరు పక్కగోడలో, అంటే నేలకు తగలని పక్క భాగంలో, దిగింది. హమీద్ భాయ్ నమాజుకు వెళ్ళాడు. నేను లోపల ప్యాచ్ అంటించి గాలి నింపి ఇచ్చేశాను. కారు వెనక్కి తీస్తుండగా హమీద్ భాయ్ తిరిగొచ్చాడు. నేను చేసిన పని చెప్పగానే వెళ్ళి కారు ముందు నిలబడి, బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"దిగుండ్రి సాబ్. ఆ టైరు నడవదు."

కారాయన కోప్పడ్డాడు, పిల్లలు ఏడ్చారు. హమీద్ భాయ్ మాత్రం కదలలేదు. స్టెప్నీ బిగించి, పాతదాన్ని కత్తితో కోసి పక్కన పడేశాకే దారి ఇచ్చాడు. తర్వాత నాతో అన్నాడు: "గోడకు ఇలాజ్ లేదు, మందు లేదు. వాళ్ళు పరేషాన్‌ల ఉన్నరు, నిజమే. నువ్వు కూడా పరేషాన్ అయితే చూసేటోడు ఎవడు?"

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పక్కగోడకు మేకు దిగినా, బుగ్గలా ఉబ్బినా ఇక ఆ టైరు పని అయిపోయినట్టే. ఇందులో నాకు ఏనాడూ సందేహం రాలేదు.

వంగి చూడడం

తర్వాత ఎల్బీనగర్‌లో ప్రసాద్ గారి షాపులో చేరాను. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కంప్యూటర్ అలైన్‌మెంట్ మిషను పెట్టించారు. మాట మెత్తన, గుండె ఇంకా మెత్తన. చుట్టుపక్కల కొందరు పాత టైర్లకు నల్లరంగు పూసి కొత్తవాటి ధరకు అమ్ముతుంటే, ఆయన తన షాపులో ఆ రంగు డబ్బానే ఉండనివ్వలేదు. అయితే షాపు పేరుకు మచ్చ వస్తుందంటే మాత్రం చాలా భయపడేవారు.

మా షాపుకు నర్సింహ అని ఒక క్యాబ్ డ్రైవరు వచ్చేవాడు. మెట్రో పనులు జరుగుతూ రోడ్లన్నీ తవ్వేసి ఉన్న రోజులవి. గాలి కొట్టించుకుని పోదామని వచ్చాడు. మాటల్లో "కారు జర ఎడమకు గుంజుతున్నదే" అన్నాడు. బయటి నుంచి చూస్తే ముందు టైర్లు బాగానే ఉన్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పమని, వంగి లోపలి అంచు చూశాను.

"నర్సింహా, జర దిగి చూడు."

"మంచిగనే ఉన్నయి గదనే."

"బయట గాదు. లోపలికి చెయ్యి పెట్టు."

అతను చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. వేలికి తీగ గుచ్చుకుంది. రబ్బరు మొత్తం అరిగి లోపలి ఇనుప తీగలు బయటపడ్డాయి. ఆ టైర్లతోనే అంతకుముందు రోజు ఎయిర్‌పోర్టుకు నాలుగుసార్లు పోయి వచ్చానని చెప్పి, అక్కడే ఉన్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు.

కారు ఒకవైపు లాగినా, పెద్ద గుంతలో పడినా అలైన్‌మెంట్ చూపించుకోవాలి. పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకోవాలి. పదిహేను రోజులకోసారి గాలి చూసుకోవాలి. గాడుల లోపల అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లకు సమానమైన రోజు మార్చెయ్యాలి. ఇవన్నీ చేస్తే టైరు బాగా నడుస్తుంది. ఇవన్నీ నేను చేయించేవాణ్ణి కూడా.

అలా చేస్తూ చేస్తూ నాకొక పేరు వచ్చింది. "యాదగిరి ఉట్టిగ మార్చుమనడు" అని జనం చెప్పుకునేవారు. కస్టమరు మార్చమన్నా కూడా "ఇంకా నడుస్తది పోండ్రి" అని పంపించడం నాకు గర్వంగా ఉండేది. అమ్మకపోవడమే నిజాయితీ అనుకున్నాను. టైరుకు అరుగుదల ఒక్కటే జబ్బు కాదని, వయసు కూడా ఒక జబ్బని తెలిసినా, ఆ గర్వంలో దాన్ని పట్టించుకోలేదు.

ఆ శనివారం

మే నెల, శనివారం. షాపు తెరిచిన కాసేపటికి శైలజ మేడం వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళది పోచంపల్లి పక్క ఊరు, నేతపని చేసిన కుటుంబం. ఆ మధ్యే ఒక పెద్దాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఆయన దాన్ని ఎక్కువగా ఇంట్లోనే ఉంచాడట. తిరిగింది చాలా తక్కువ.

"అన్నా, అమ్మను తీసుకొని సూర్యాపేట దిక్కు పోతున్న. మా పిన్ని వాళ్ళింట్ల ఫంక్షన్. టైర్లు జర చూడుండ్రి" అన్నారు.

గాలి చూశాను. గాడులు చూశాను. అరచెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా గీరుకోలేదు. లోపలి అంచులు కూడా వంగి చూశాను. అరుగుదల లేదు.

"మార్చేదుంటే ఇయ్యాలనే మార్చుండ్రి. నేను తయారుగనే వచ్చిన" అన్నారు ఆమె, పర్సు జిప్పు తీస్తూ.

"ఏం అవసరం లేదు మేడం. కొత్తవాటి లెక్కనే ఉన్నయి. ఇంక రెండేండ్లు ఢోకా లేదు. మంచిగ పోయి రాండ్రి."

ఆమె మొహం తేలికపడింది. రిజిస్టరులో కారు నంబరు, ఫోన్ నంబరు రాసి వెళ్ళిపోయారు. వనస్థలిపురంలో తల్లిని ఎక్కించుకుని అటునుంచి అటే వెళ్తామన్నారు.

ఒక గంట తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. "నా టైర్లు ఏ సంవత్సరం తయారైనవో చూసి చెప్తారా? ఫోన్లో ఎవరో మెసేజ్ పెట్టారు" అన్నాడు. ప్రతి టైరు గోడ మీద ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. చాలాసార్లు అవి టైరుకు లోపలి వైపే ఉంటాయి. చూడాలంటే కింద పడుకోవాలి. నేను పడుకుని, ఫోన్ లైటు వేసి, అతని అంకెలు చదవబోయాను. చదవలేకపోయాను. నా వేళ్ళకు పొద్దున తగిలినదేదో అప్పుడు గుర్తొచ్చింది.

మేడం కారు వెనక టైరు గాడుల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్ళు తగిలాయి. అవి నా వేలికి తెలిశాయి. గాడులు లోతుగా ఉన్నాయన్న సంతోషంలో వాటిని వదిలేశాను. ఇంట్లోనే నిలబెట్టిన పాత కారు, అరగని టైర్లు. అంటే అవి కారుతో పాటు వచ్చినవే. ఎన్నేళ్ళవో నేను చదవనే లేదు.

రిజిస్టరు తీసి ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. కారు నడుపుతూ ఫోన్ ఎత్తని మంచి అలవాటు ఆమెది. ఆరోసారి కూడా ఎత్తకపోయేసరికి బండి తాళం తీసుకున్నాను.

"ఏమైందయ్యా? ఎక్కడికి?" అన్నారు ప్రసాద్ గారు.

"పొద్దున పోయిన మేడం టైర్లు పాతయి సార్. జర ఆపొస్త."

చింతలకుంట, వనస్థలిపురం, హయత్‌నగర్. తెల్లకారు కనిపించినప్పుడల్లా పక్కకు పోయి నంబరు చూశాను. ఎండ నెత్తి మీద ఉంది. నగరం లోపల ఆ టైర్లు ఇంకొంత కాలం నడిచేవేమో. వేడి, వేగం, బరువు మూడూ ఒకచోట కలిసేది పెద్ద అంబర్‌పేట్ దాటాకే. అక్కడ రింగ్ రోడ్డు దాటితే విజయవాడ హైవే ఖాళీగా కనిపిస్తుంది, ఎవరి కాలైనా కిందికే నొక్కుతుంది. ఆమె ఎక్కడైనా టిఫినుకు ఆగి ఉండాలని మొక్కుకుంటూ హోటళ్ళ ముందు నిలిపిన కార్లన్నీ చూశాను. లేదు.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర బండి పక్కకు ఆపి మళ్ళీ ఫోన్ చేద్దామని చూస్తుంటే ఫోనే మోగింది. తెర మీద ఆమె నంబరు. నా ఊపిరి కుదుటపడింది.

"మేడం, కారు పక్కకు ఆపుండ్రి" అన్నాను.

అవతల మగగొంతు. "నేను తొవ్వల పోయెటోన్ని అన్నా. ఈ ఫోన్‌ల మీయి శాన మిస్డ్ కాల్స్ ఉన్నయి. మీరు ఈమెకు ఏమైతరు? టైరు పేలి కారు డివైడర్‌కు కొట్టుకున్నది. ఇద్దరు బతికే ఉన్నరు. జల్ది రాండ్రి."

నేను చేరేసరికి అంబులెన్సు వాళ్ళను తీసుకుని వెళ్ళిపోయింది. కారు డివైడరుకు ఆనుకుని అడ్డంగా నిలిచి ఉంది. వెనక కుడి టైరు పైపొర మొత్తం ఊడి రోడ్డు మీద దూరంగా పడి ఉంది. నేను వేడి తారు మీద బోర్లా పడుకుని, రిమ్మును పట్టుకుని ఉన్న మిగిలిన గోడ మీద అంకెలు వెతికాను. ఎనిమిదేళ్ళు దాటిన టైరు. చూడడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

వాళ్ళను చేర్చిన దవాఖాన ఎల్బీనగర్ వైపే, తిరిగి అక్కడికి వెళ్ళాను. మేడం నుదుటికి పట్టీ కట్టి వరండాలో కూర్చోబెట్టారు. వాళ్ళమ్మ లక్ష్మమ్మ గారికి తొడ ఎముక విరిగింది, లోపల చూస్తున్నారు. మేడం నన్ను చూసి, పక్కనున్న తమ్ముడు శ్రీనివాస్‌తో చెప్పారు: "ఈయన మా టైర్ల షాపు అన్న. తెలువంగనే ఉరికొచ్చిండు."

శ్రీనివాస్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ అసొంటోళ్ళు ఉండబట్టే" అని ఏదో అన్నాడు.

మేడం అడిగారు, "అన్నా, మేకు దిగిందంటరా?"

"చూడాలె మేడం" అన్నాను. అప్పటికే చూసి వచ్చాను.

నోరు మూసుకున్న నెల

ప్రసాద్ గారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు టేబుల్ మీది పేపర్ వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు.

"వాళ్ళు మనల్ని ఏమీ అనలేదు కదా యాదగిరీ. నువ్వు వెళ్ళి చెబితే ఆవిడ ఎముక అతుక్కుంటుందా? షాపు మీదకి కేసు వస్తే ఇందులో పనిచేసేవాళ్ళందరూ ఏమవుతారు? నేను చెప్పొద్దనట్లేదు. కొంచెం ఆగు అంటున్నాను."

ఆగాను. ఆయన భయం మీద తప్పు నెట్టడం ఇప్పుడు సులువు. నిజానికి ఆయన ఆగమంటే నాకు హాయిగా అనిపించింది.

కానీ పని నా చేతిలో నిలవలేదు. షాపు నుంచి ఏ కారు బయటికి వెళ్ళినా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి. బిగించిన నట్లనే మళ్ళీ బిగించేవాణ్ణి. "బాగున్నయి" అన్న మాట నోటికి రావడమే మానేసింది. ఎవరొచ్చినా మార్చమనేవాణ్ణి. గాడుల్లో కాస్త మట్టి కనబడినా, రంగు వెలిసినా, మార్చండి అనడమే. ఒక రిటైర్డ్ పోస్ట్‌మాన్ గారు వచ్చారు. ఆయన టైర్లు రెండేళ్ళవి కూడా కాదు, శుభ్రంగా ఉన్నాయి. వాటినీ మార్చేయించాను. ఆయన నా మాట విని నాలుగూ మార్పించుకుని, నాకు దండం పెట్టి వెళ్ళారు.

ప్రసాద్ గారు ఆ విప్పిన టైర్లను చూసి నన్ను లోపలికి పిలిచారు.

"వీటికేం జబ్బు?"

నేను వంగి ఒక టైరును గోడకు ఆనించాను.

"రంగు పూసి అమ్మేవాడికీ నీకూ ఇప్పుడు తేడా ఏంటి? వాడు ఆశకి చేస్తాడు, నువ్వు భయానికి చేశావు. ఆయన డబ్బు మాత్రం పోయింది." ఆయన గొంతు పెంచలేదు. "నా మాట విని ఆగావు. ఇలా అయిపోతావనుకోలేదు. వెళ్ళి చెప్పెయ్. కేసు వస్తే చూద్దాం."

ఆ టైర్లను ఆయనే తన కారులో వేసుకుని, పోస్ట్‌మాన్ గారి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చారు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: భయపడితే జాగ్రత్తగా ఉన్నట్టు కాదు. భయంలో ఉన్నవాడు టైరును చూడడు, తనను తాను కాపాడుకుంటాడు. ఆ నెలంతా నేను ఒక్క టైరునూ సరిగ్గా చూడలేదు.

వనస్థలిపురంలో

ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. లక్ష్మమ్మ గారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. పక్కన నడిచేందుకు పట్టుకునే ఇనుప స్టాండు. మేడం చాయ్ తెచ్చారు. తాగితే చెప్పలేనని తెలిసి గ్లాసు కింద పెట్టాను.

"మేడం, ఆ టైర్లు ఎనిమిదేండ్లవి. ఆ పొద్దు అవి ఏ సంవత్సరంవో నేను చూడలేదు. పగుళ్ళు చేతికి తగిలినయి, అయినా పొమ్మన్న. మేకు గీకు ఏం లేదు. తప్పు నాది."

ఆమె నిలబడే ఉన్నారు. "అంటే, పేలింది టైరు పాతదై?"

"అవును మేడం."

"నేను బ్రేకు తొక్కినందుకు కాదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా కూర్చున్నారు.

"సప్పుడు రాంగనే నేను భయంతోని బ్రేకు గట్టిగ తొక్కిన. అట్ల తొక్కినందుకే కారు తిరిగిందని, నాకు నడుపుడు రాదని శీను అన్నడు. నెల సంది కారు ముట్టలేదు. అమ్మను నేనే గిట్ల చేసిన్నని..." ఆమె చాయ్ గ్లాసు పక్కకు జరిపి అన్నారు, "నేను ఆ రోజు పర్సు తీసిన గదా అన్నా. మార్చుమన్న గదా."

"అన్నరు మేడం."

నా తప్పు నా దగ్గరే ఉందనుకున్నాను ఆ నెలంతా. అది ఆమె దగ్గర ఉంది. నేను నోరు మూసుకున్న ప్రతిరోజూ నా బదులు ఆమే దాన్ని మోశారు. పేలినప్పుడు బ్రేకు తొక్కకుండా స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలన్నది నిజమే. కానీ ఆ మాట కూడా ఆమెకు ఎవరు చెప్పారు? నేనే చెప్పలేదు.

లక్ష్మమ్మ గారు దిండు మీంచి కాస్త లేచారు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. "పాత నూలు గట్లనే ఉంటది బిడ్డా" అన్నారు నాతో. "కండెకు సుట్టి ఉన్నప్పుడు మంచిగనే కనబడతది. మేము ఒక్క పోగు తీసి గుంజి చూస్తుంటిమి. నువ్వు గుంజి చూడలే."

"చూడలేదమ్మా."

మేడం తమ్ముడికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు. "ఇప్పుడు చెప్పింది మల్ల చెప్పుండ్రి. వాడు కూడా వినాలె."

మళ్ళీ చెప్పాను. శ్రీనివాస్ తిట్టాడు. తిట్టించుకున్నాను. ఫోన్ పెట్టేశాక, నేను లేస్తుంటే మేడం అడిగారు:

"అన్నా, మా ఒక్కరినేనా గట్ల పంపింది? ఇంకెవరినన్న పంపినరా?"

చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.

వాళ్ళు కేసు పెట్టలేదు. మళ్ళీ మా షాపుకు రానూ లేదు. ఆమె కారుకు వేరే చోట నాలుగు కొత్త టైర్లు వేయించారని తర్వాత విన్నాను. లక్ష్మమ్మ గారు ఇప్పుడు చేతికర్రతో నడుస్తారు. ఒకసారి కొత్తపేట సిగ్నల్ దగ్గర మేడం కారు నడుపుతూ కనిపించారు. నన్ను చూసి తల ఊపారు. నవ్వలేదు. స్టీరింగ్ ఆమె చేతుల్లో ఉంది, నాకు అది చాలు.

రిజిస్టరు

ఆ ఆదివారం వనస్థలిపురం నుంచి నేరుగా షాపుకు వచ్చాను. సెలవు రోజు, షట్టరు సగమే లేపి ఉంది. ప్రసాద్ గారు ఒక్కరే ఉన్నారు. మేడం అడిగిన ప్రశ్న ఆయనకు చెప్పాను. అలమారాలోంచి పాత రిజిస్టర్లు తీసి టేబుల్ మీద పెట్టాను. మూడేళ్ళవి. కారు నంబరు, ఫోన్ నంబరు, చివర నా సంతకం. వాటిలో ఎన్ని టైర్ల వయసు నేను చదివానో నాకే తెలియదు.

"అందరికీ చేస్తావా?" అన్నారు ఆయన.

"చెయ్యాలె సార్."

"మన షాపులో ఇలా జరిగిందని ఊరంతా తెలుస్తుంది."

"తెలుస్తది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకో రెండుసార్లు తుడుచుకున్నారు. తర్వాత చెయ్యి చాచి, "ఆ నల్ల అట్టది ఇటివ్వు. అందులో మా వైపు వాళ్ళు ఎక్కువ, నా మాట వింటారు" అన్నారు.

పదిహేను రోజులు పట్టింది. కొందరు తిట్టారు. కొందరు టైర్లు అమ్ముకోవడానికి కొత్త ఎత్తు అనుకుని ఫోన్ పెట్టేశారు. కొన్ని నంబర్లు పనిచేయలేదు. ఆ పేజీలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తాయి. చాలామంది టైర్లు బాగానే ఉన్నాయి, వాళ్ళకు ఆ మాటే చెప్పాను. ఆరేళ్ళు దాటినవి కొన్ని దొరికాయి. వాటిని నేనే విప్పి చూశాను. పగుళ్ళున్నవాటిని మార్పించాం. లేనివాటికి ఏడాదికోసారి చూపించుకోమని, పదేళ్ళు నిండితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయమని రాసిచ్చాం.

ఆ మొదటి ఫోన్ సంగతి చెప్పి ముగిస్తాను. పేజీలో మొట్టమొదటి నంబరు. సరూర్‌నగర్‌లో ఉండే ఒకావిడ. సంగతి చెప్పాను.

"మీరు కారు దగ్గరికి పోయి టైరు మీద నాలుగంకెలు చదువుతరా అమ్మా? ఫోన్ పెట్టకుండ్రి."

"ఆగుండ్రి, దిగుతున్న" అంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. గేటు తెరుచుకుంది. లోపల ఎవరో "యాడికే?" అని అడిగితే, "ఉండు, ఒక్క నిమిషం" అంది. కింద కూర్చుంటూ ఆయాసపడింది. ప్రసాద్ గారు పెన్ను పట్టుకుని నా మొహం చూస్తున్నారు.

"మట్టి పట్టి ఉన్నదన్నా. కొంగుతోని తుడుస్త."

తుడిచింది. ఆ తర్వాత ఒక్కొక్క అంకె చదవడం మొదలుపెట్టింది.